యుద్ధం మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కవితలు చదివాను. కోపం ఉంది, ఆ కోపంలో నిజాయితీ ఉంది, నటన లేదు. అది ముందు చెప్పాలి. కానీ పాదపాదానికీ నెత్తురు, కన్నీరు, చీకటి వచ్చి పడుతుంటే ఏ ఊళ్లో ఎవరికి ఏం జరిగిందో తెలియకుండానే అలిసిపోయాను. ఇంకో కవిత రాసేలోపు ఇరాక్ కవయిత్రి దున్యా మిఖాయిల్‌ని చదువు. ఇంగ్లీషు అనువాదాలు ఉన్నాయి.

ఆవిడ 1965లో బాగ్దాద్‌లో పుట్టారు. ఇరాన్‌తో యుద్ధం మొదలయ్యేనాటికి పదిహేనేళ్ల పిల్ల. అది ఎనిమిదేళ్లు సాగింది, ఊపిరి పీల్చుకునేలోపే 1991 గల్ఫ్ యుద్ధం, దాన్ని అంటిపెట్టుకుని ఆంక్షలు. బాగ్దాద్ అబ్జర్వర్ పత్రికలో పనిచేస్తూ రాశారు, రాసినందుకే 90ల మధ్యలో జోర్డాన్ మీదుగా అమెరికా వెళ్లిపోవాల్సి వచ్చింది. ఇరాక్‌లో ఉన్నప్పుడు సెన్సార్ కళ్లు కప్పడానికి పొరలు పొరలుగా రాసేవారు, బయటపడ్డాక మాట తేటపడింది. నీ కవితల్లో ఉన్న పొరలు ఎవరి కంట పడకుండా ఉండటానికో ఒక్కసారి ఆలోచించు.

'యుద్ధం కష్టపడి పనిచేస్తుంది' అనే అర్థం వచ్చే పేరుతో ఆవిడదొక కవిత ఉంది. అందులో యుద్ధం మంచి పనిమంతురాలు. పొద్దున్నే సైరన్లని నిద్రలేపుతుంది, అంబులెన్సుల్ని తలో దిక్కుకీ తోలుతుంది, కృత్రిమ అవయవాలు చేసేవాళ్లకి పని కల్పిస్తుంది, ఈగలకి తిండి పెడుతుంది, చరిత్ర పుస్తకాలకి పేజీలు కలుపుతుంది. ఇంత చాకిరీ చేస్తున్నా ఒక్కరూ మెచ్చుకోరట! కవిత మొత్తం మెచ్చుకోలు గొంతులోనే నడుస్తుంది, ఎక్కడా ఆవిడ బల్ల గుద్ది మాట్లాడరు. అందుకే మనకి లోపల మండుతుంది. ఆ జాబితాలో ఇంకొకటి కూడా ఉంది, యుద్ధం కవులకి కొత్త వస్తువులు అందిస్తుందని. ఆ మాట దగ్గర ఆగు తమ్ముడూ. నువ్వూ నేనూ ఆ లెక్కలో ఉన్నాం. వేరేవాళ్ల చావు మనకి కవిత అయినప్పుడు మన చేతికి ఏం అంటుతుందో ఆవిడకి తెలుసు, తెలిసే రాశారు.

'ఎముకల సంచి' అని ఇంకో కవిత. సామూహిక సమాధి దగ్గర ఒకావిడకి తనవాడి ఎముకలు దొరుకుతాయి. ఎంత అదృష్టం అంటూ మొదలవుతుంది! పుర్రె, కళ్లుండాల్సిన చోట గుంటలు, చెవులు, ముక్కు, నోరు. విశేషణాలు వెతికి చూడు, ఎన్ని దొరుకుతాయో.

2014లో దాయిష్ (ఐసిస్ ఉగ్రవాద ముఠా) ఇరాక్‌లోని సింజార్ మీద పడి, యజీదీలనే మైనారిటీ మతస్థుల ఆడవాళ్లని ఎత్తుకెళ్లి అమ్మింది. అబ్దుల్లా అనే తేనెటీగల పెంపకందారు తన వ్యాపార పరిచయాలన్నీ వాడి వాళ్లని బయటికి తెప్పించేవాడు. దున్యా అమెరికా నుంచి అతనితో ఫోన్లో మాట్లాడుతూ, తప్పించుకొచ్చినవాళ్ల మాటలు వింటూ పుస్తకం రాశారు. కవిత్వం కాదు, వచనం. నాకు ఆ నిర్ణయమే గొప్పగా అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ కవయిత్రి చాలాచోట్ల పక్కకి తప్పుకుని ఆ ఆడవాళ్లనే మాట్లాడనిచ్చారు. ఎంత పేరున్నవాళ్లకైనా అది తేలిక కాదు.

నువ్వు కూడా ముందు విను. టీవీలో చూసిన యుద్ధమే రాయాలని ఏమీ లేదు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు అక్కడ పనిచేస్తున్న మనవాళ్లు అన్నీ వదిలేసి జోర్డాన్ దాకా ఎడారిలో ప్రయాణం చేసి, అమ్మాన్‌లో విమానం ఎక్కి ఇంటికొచ్చారు. కడప వైపు, గోదావరి జిల్లాల్లో అలాంటివాళ్లు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ల వయసులో ఉంటారు. ఒకరి దగ్గరికి వెళ్లి కూర్చో. సంచిలో ఏం పెట్టుకున్నారో, ఏం వదిలేశారో, దారిలో నీళ్లు ఎవరిచ్చారో అడుగు. వాళ్లు ఎలా చెప్తే అలాగే రాసుకో, మధ్యలో నీ ఉపమానం దూర్చకు. ఆ నోట్స్ చేతిరాతలో ఉన్నా సరే, ఫొటో తీసి నాకు పంపు. అందులో కవిత ఉందో, వ్యాసం ఉందో కలిసి చూద్దాం.