నడుము నొప్పి: యాప్‌లో ఏది రాయాలి, ఎన్నిసార్లు రాయాలి?

మీ ప్రశ్న: ఆరు నెలలుగా నడుము నొప్పి, ఫిజియోథెరపిస్టు రోజూ యాప్‌లో రాయమన్నారు, అది రోజుకు ఆరుసార్లు అడుగుతుంటే ధ్యాసంతా నొప్పి మీదే ఉంటోంది, మానేయనా అని.

రాయడం మానకండి. ఆ ఆరు నోటిఫికేషన్లలో అయిదు ఆపేయండి. గంటకోసారి "నొప్పి ఎంత?" అని అడిగించుకుంటే మనసు నడుముకి కాపలా కూర్చుంటుంది. రాత్రి భోజనమయ్యాక ఒక్కసారి, రోజూ అదే వేళకి చాలు. గడిచిన 24 గంటల్లో సగటు నొప్పి 0 నుంచి 10లో ఎంతో వేయండి. నడుముకో అంకె, కాల్లోకి లాగే నొప్పికి వేరే అంకె. కాలి నొప్పి పైకి తగ్గుకుంటూ వచ్చి నడుము దగ్గరే మిగలడం సాధారణంగా మంచి గుర్తు. రెండూ కలిపి రాస్తే అది కనబడదు. వేసుకున్న మాత్ర, ఎన్ని వేసుకున్నారో కూడా రాయండి. 5 కాస్తా 4 అయితే పెద్ద మార్పు కాదు. 2 అంకెలు తగ్గి వారమంతా నిలిస్తే లెక్కలోకి తీసుకోవచ్చు.

నొప్పి అంకె కన్నా చేయగలిగే పని ఎక్కువ చెబుతుంది. మీకు కష్టమవుతున్న మూడు పనులు ఎంచుకోండి: నీళ్ల బకెట్ ఎత్తడం, కింద కూర్చుని లేవడం, బండి మీద అరగంట వెళ్లడం, అలాంటివి. ప్రతి ఆదివారం ఒక్కోదానికి మార్కు వేయండి. అసలు చేయలేకపోతే 0, నొప్పి రాకముందులా చేయగలిగితే 10. మూడింటి సగటు 2 పెరిగిందంటే నిజంగా మెరుగవుతున్నట్టు. మధ్యలో పనులు మార్చొద్దు, పాత మార్కులతో పోల్చడానికి ఉండదు.

ఎక్కువమంది దెబ్బతినేది నడక దగ్గర. బాగున్న రోజు 8,000 అడుగులు నడిచేసి తర్వాతి మూడు రోజులూ మంచం దిగరు. మొదటి 7 రోజులు అలవాటు ఏమీ మార్చకుండా ఊరికే లెక్కపెట్టండి. సగటు 3,500 వస్తే అందులో 80 శాతం, అంటే 2,800తో మొదలుపెట్టి వారానికి 10 శాతం చొప్పున పెంచండి. బాగున్న రోజు కోటా దాటొద్దు. బాగోలేని రోజు అదే కోటాని నాలుగు ముక్కలుగా నడవండి.

లెక్క సరైనదో కాదో ముందే చూసుకోండి. మీరే 100 అడుగులు లెక్కపెట్టి నడిచి ఫోన్ ఎంత చూపిందో చూడండి. తేడా 10 దాటితే నమ్మొద్దు. ఫోన్ బల్ల మీద వదిలేస్తే అడుగులు పోతాయి. గుంతల రోడ్డు మీద బండి నడిపితే చేతి వాచీ లేని అడుగులు కలుపుతుంది. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే కొన్ని ఫోన్లు యాప్‌ని వెనక నిద్రపుచ్చేస్తాయి, సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి మినహాయింపు ఇవ్వండి.

యాప్ ఒక్కటే నయం చేస్తుందని ఆశ పెట్టుకోకండి. డెన్మార్క్, నార్వేల్లో 461 మందితో జరిపి 2021లో ప్రచురించిన, సెల్ఫ్‌బ్యాక్ అనే నడుము నొప్పి యాప్ మీద చేసిన పరీక్షలో, మూడు నెలలకి నడుము నొప్పి రోజువారీ పనులకి ఎంత అడ్డొస్తోందో కొలిచే 24 పాయింట్ల రోలాండ్-మోరిస్ ప్రశ్నావళిలో యాప్ తెచ్చిన తేడా ఒక పాయింటు కన్నా తక్కువే. డాక్టరు దగ్గరికి నాలుగు వారాల సగటులు ఒక్క స్క్రీన్‌షాట్‌లో తీసుకెళ్లండి, రోజువారీ గ్రాఫులు చూసే తీరిక ఓపీలో ఉండదు.

మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలవిసర్జన మీద అదుపు తప్పడం, కూర్చునే చోట తిమ్మిరి, కాలు రోజురోజుకీ బలహీనపడటం: వీటిలో ఏది కనిపించినా యాప్‌లో రాస్తూ కూర్చోవద్దు, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లండి.