మా తర్వాత మా అబ్బాయి ఎక్కడుండాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్ళండి, మేధో వైకల్యం ఉంది. వాడిలాంటివాళ్ళు కలిసి ఉండే చోట్లు చూద్దామని సంక్రాంతి సెలవుల్లో అందరం బెంగళూరు వెళ్దామనుకుంటున్నాం. వాణ్ణి కూడా తీసుకెళ్ళొచ్చా, ఏమేం చూడాలి?
– ఓ తల్లి, హిందూపురం

జవాబు: తప్పకుండా తీసుకెళ్ళండమ్మా, రేపు ఉండాల్సింది వాడే కదా. బెంగళూరులో ఆశా నికేతన్ ఉంది, 1964లో ఫ్రాన్స్‌లో మొదలైన లార్ష్ అనే సంస్థ వాళ్ళది, ఇక్కడ 1970లో పెట్టారు, వైకల్యం ఉన్నవాళ్ళూ తోడుండేవాళ్ళూ ఒకే ఇంట్లో కలిసి బతకడం వాళ్ళ పద్ధతి. అది వాళ్ళ ఇల్లు కాబట్టి ముందే ఫోన్ చేసి అడిగి వెళ్ళండి, ఫొటోలు తీయొద్దు. ఎక్కడికెళ్ళినా ఆఫీసు రూములో మాట్లాడి వచ్చేయకుండా భోజనాల టైముకి ఉంటామని అడగండి, సొంతంగా తినలేనివాళ్ళకి పక్కన కూర్చుని నిదానంగా తినిపిస్తున్నారా, ఇంకొంచెం సాంబారు వెయ్యనా అని అడుగుతున్నారా లేక గబగబా నోట్లో కుక్కేస్తున్నారా, అక్కడే చాలా తెలిసిపోతుంది. బాత్రూముకి లోపల గడియ ఉందా, రాత్రిళ్ళు ఎవరుంటారు, ఇవీ అడగండి. మొదటిరోజే డబ్బు కట్టేయొద్దు.

ఇంకోటి, పిల్లలకి 18 దాటాక అమ్మానాన్నలు కూడా వాళ్ళంతట వాళ్ళే చట్టపరంగా గార్డియన్ అయిపోరు, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి అప్లై చేసుకోవాలి. అది ఇంకా చేయకపోతే బెంగళూరు కంటే ముందు ఆ పని చూడండమ్మా.