పచ్చికలో పెరిగినది వస కాదు, ఐరిస్

ప్రశ్న: అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, సౌత్ పార్క్ ప్రాంతంలో పదెకరాల తడి పచ్చికలో ఆవులను మేపుతున్నాము. వస ఆకుల్లాంటి ఆకులతో, జూన్‌లో లేత నీలి పూలు పూసే మొక్క ఏటేటా గుంపులు కట్టి పెరుగుతోంది. ఆవులు దాన్ని ముట్టడం లేదు. ఊరి నుంచి వచ్చిన మా అమ్మగారు అది వసేనని, కొమ్ము అరగదీసి మనవడికి నాకిస్తానని అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా మీ అమ్మగారిని ఆపండి. మీరు పంపిన ఫోటోల్లో ఉన్నది ఐరిస్ మిసౌరియెన్సిస్ అనే బహువార్షికం. పశ్చిమ అమెరికాకు స్థానికమైన అడవి పువ్వు, మన కుంకుమపువ్వు, గ్లాడియోలస్‌ల కుటుంబానికి చెందినది. కత్తి లాంటి ఆకు, నేలలో పాకే కొమ్ము చూసి పొరబడడం సహజమే. అయితే వస ఆకును నలిపితే ఘాటైన సువాసన వస్తుంది, ఐరిస్ ఆకుకు ఆ వాసన ఉండదు. వసకు రేకుల పువ్వు కాక వేలంత కంకి వస్తుంది. ఐరిస్ కొమ్ములోని పదార్థాలు నోటిని మండించి, వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి. అసలైన వసను కూడా ఆహారంలో వాడరాదని అమెరికా ప్రభుత్వం 1968లోనే నిషేధించింది కనుక పసివాడికి ఈ రెండింటిలో ఏదీ పెట్టవద్దు.

ఆవులు ముట్టకపోవడానికీ ఆ చేదు, మంటే కారణం. చుట్టూ ఉన్న గడ్డిని మొదలంటా మేసి దీన్ని వదిలేస్తాయి కాబట్టి, పోటీ తగ్గిన చోటల్లా ఇది కొమ్ములు చాచి పరుచుకుంటుంది. పూత వరకు నేల తడిగా ఉండి తరువాత ఆరిపోయే మీ వంటి పచ్చికలు దీనికి బాగా సరిపోతాయి. అంటే మీ పచ్చికపై మోయగలిగినదానికంటే ఎక్కువ మేత భారం పడుతోందని నా అనుమానం. పశువుల సంఖ్య తగ్గించి, పచ్చికను భాగాలు చేసి వంతుల వారీగా మేపి, గడ్డి కోలుకునే వ్యవధి ఇవ్వడమే అసలైన వైద్యం. పూత దశలో కోస్తే గింజ పడదు గాని కొమ్ము చావదు. చిన్న గుంపులైతే చేతి తొడుగులు వేసుకొని కొమ్ము ముక్క మిగలకుండా తవ్వవచ్చు. కలుపు మందు ఆలోచన ఉంటే, నీటి పక్కన దేనికి అనుమతి ఉందో, పిచికారీ తరువాత ఎన్నాళ్లకు మేపవచ్చో మీ కౌంటీలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వ్యవసాయ విస్తరణ కార్యాలయంలో అడిగిన తరువాతే కొనండి.

పూర్తిగా నిర్మూలించాలని మాత్రం నేను చెప్పను; ఇది అక్కడి నేలది, బంబుల్ తేనెటీగలకు మేత. కంచె అవతల ఒక గుంపు ఉన్నా నష్టం లేదు. తవ్విన కొమ్ములను మాత్రం దూడలు చేరే చోట కుప్ప పోయకండి.