ధాత కరువు నాటి సంఘం, 1931 నాటి మందిరం

ప్రశ్న: మాది కర్నూలు జిల్లాలో ఒక మెట్ట ఊరు. మా గేరిలోని బాప్టిస్టు మందిరం రాతిమీద 1931 అని చెక్కి ఉంది. మా అవ్వ మాత్రం సంఘం ధాత కరువులో పుట్టిందని చెప్పేది. సంఘ చరిత్ర రాసే పని పెద్దలు నాకు అప్పగించారు. దేనిని నమ్మమంటారు?
— ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: రాయి చెప్పేది కట్టడం వయసు, మీ అవ్వగారు చెప్పింది సంఘం వయసు. బాప్టిస్టుల లెక్కలో, విశ్వసించి నీట మునిగి బాప్తిస్మం పొందిన కొద్దిమంది ఒకచోట కూడితే అదే సంఘం. కనుక చెట్టు కిందో, గుడిసెలోనో ఆరాధించిన ఏళ్లు కూడా దాని వయసులోనే చేరతాయి.

అరవై తెలుగు సంవత్సరాల్లో ఒకటైన ధాత అంటే 1876–77. అయితే అరవై ఏళ్లకు, 1936–37లో, అదే పేరు మళ్లీ వచ్చింది. మందిరం 1931లోనే లేచింది కాబట్టి మీ అవ్వగారి మాట మొదటి ధాతకే చెల్లుతుంది. ఆ కరువు మరుసటి ఈశ్వర సంవత్సరంలోనూ విడవలేదు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి దొరికేట్లు చేశారు; గంజికోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపివేశారు. తిరిగి మొదలుపెట్టాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు. మీ ఊరివారు కూడా కరువులో వాక్యం విని, బాప్తిస్మం ఆ తర్వాత పొంది ఉండవచ్చు. సంఘపు పుస్తకంలో తేదీ రెండు మూడేళ్లు ఆలస్యంగా కనబడితే అవ్వగారి మాట తప్పని కొట్టివేయకండి.

మిషనరీ దొరల పేర్లతో మొదలుపెట్టవద్దని నా మనవి. ఈ విశ్వాసం పల్లెలకు నడిచి వచ్చిన దారి చుట్టరికం, తోలు బేరం. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. ఒంగోలు ప్రాంతపు పల్లెల్లో వార్త మొదట మోసినవారిలో ఆయన ముఖ్యుడు. కాబట్టి మీ గేరిలో ఏ ఇంటిపేరువారికి కంభం, మార్కాపురం వైపు వియ్యాలున్నాయో ముందుగా అడగండి. ఆ తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలులోనే ఉండేవి, కంభంలో 1882లో బాప్టిస్టు మిషన్ కేంద్రం ఏర్పడింది. అదే కడప, గుత్తి వైపు చుట్టాల సంఘాలైతే వాటి మూలం లండన్ మిషన్ అనే వేరే సంస్థ. ఆ కథను మీ కథతో కలపకండి.

పేర్ల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల గుర్తింపు లేకుండా చేసింది. ఆ గుర్తింపు పోకూడదని, ఒకే మనిషికి సంఘపు పుస్తకంలో క్రైస్తవ పేరు, బడి రికార్డులో హిందూ పేరు ఉండటం మామూలు. ఆ రెండూ పక్కపక్కన అచ్చువేస్తే బతికున్నవారికి చిక్కు రావచ్చు. వారి అనుమతి లేకుండా వేయకండి.

పుస్తకాల్లో బైబిలు స్త్రీల పేర్లు తరచుగా దొరకవు. ఇంటింటికీ తిరిగి ప్రార్థన నేర్పింది, వంటింటి దాకా వాక్యం తెచ్చింది వారే. గేరిలో ఎనభై దాటిన ఆడవారి దగ్గరకు ఈ నెలలోనే వెళ్లి, వారి మాటలు వారి యాసలోనే రాసుకోండి. మొదటి పేజీలో ధాత కరువునూ 1931నూ రెండింటినీ వేయండి, ఏది సంఘానిదో ఏది మందిరానిదో స్పష్టంగా చెప్పి.