మింగినవాడి కడుపులోనే కాపురం

ప్రశ్న: మాది పలాస. మా అత్తగారు ఇరవై ఏళ్ళకు పైగా జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తున్నారు. దగ్గు వదలకపోతే బట్టీ పొగ వల్లనే అనుకున్నాం. చివరికి కళ్ళె పరీక్షలో క్షయ అని తేలింది. మాత్రలు మొదలుపెట్టి నెలన్నర అయింది. దగ్గు తగ్గింది, అన్నం సహిస్తోంది. దాంతో ‘జ్వరానికి ఐదు రోజులు వాడితే చాలు గదా, దీనికి ఆరు నెలలేమిటి’ అని మానేస్తానంటున్నారు. మూత్రం నారింజ రంగులో వస్తోందని భయం కూడా పట్టుకుంది. మా మామగారికి పాతికేళ్ళ క్రితం ఇదే జబ్బు వచ్చి తగ్గింది. అప్పుడు అంటిన క్రిమి ఇప్పుడు బయటపడుతుందా? అన్నాళ్ళూ ఒంట్లోని రోగనిరోధక శక్తి ఏం చేస్తున్నట్టు?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు రంగు సంగతి. అది రిఫాంపిసిన్ అనే మందు రంగు. చెమటలోనూ కన్నీటిలోనూ కూడా కనిపించవచ్చు, దానివల్ల హాని లేదు. కళ్ళు పచ్చబడి, వాంతులై, ఆకలి చచ్చిపోతే మాత్రం అది కాలేయానికి సంబంధించిన విషయం కనుక వెంటనే డాక్టరుకు చూపించాలి.

మీరు చివర అడిగినదే అసలు ప్రశ్న. రోగనిరోధక శక్తి ఊరుకోలేదు, అది చేసే పనినే క్షయ క్రిమి తనకు అనువుగా మలచుకుంది. రోగి దగ్గినప్పుడు వెలువడే సన్నని తుంపరలతో క్రిమి ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదుల దాకా చేరుతుంది. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణం దాన్ని చుట్టుముట్టి, మింగి, ఒక సంచిలో బంధిస్తుంది. మామూలుగానైతే ఆమ్లమూ జీర్ణరసాలూ నిండిన మరో సంచి వచ్చి దీనితో కలిసిపోతుంది, లోపలి క్రిమి అరిగిపోతుంది. క్షయ క్రిమి ఆ రెండు సంచులనూ కలవనీయదు. తనను చంపవలసిన కణంలోనే, రక్తంలోని ప్రతిరక్షకాలకు (యాంటీబాడీలకు) అందకుండా కూర్చుని, పిల్లలు పెడుతుంది. కణాలు ఇలా మింగుతాయన్న ఆలోచన రష్యన్ శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్‌కు ఇటలీలోని మెస్సినాలో నక్షత్రచేప లార్వాకు ముల్లు గుచ్చితే దాని చుట్టూ కణాలు మూగడం చూసినప్పుడు స్థిరపడింది. జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోచ్ బెర్లిన్‌లో క్షయ క్రిమిని ప్రకటించినది మార్చి 24న. రెండూ 1882లోనే జరిగాయి, మింగే కణమూ మింగినా చావని క్రిమీ ఒకే ఏడు శాస్త్రజ్ఞుల కంటబడ్డాయన్నమాట.

ఈ క్రిమి పైతొడుగు గురించి మీ అత్తగారికి చెప్పడం తేలిక. చేతులకు బూడిద రాసుకోకుండా జీడిపిక్క ముట్టుకుంటే ఏమవుతుందో ఆవిడకు తెలుసు, పెంకులోని జీడిరసమే పప్పుకు కాపలా. క్షయ క్రిమి గోడలోనూ మైకోలిక్ ఆమ్లమనే మైనం వంటి కొవ్వు దట్టంగా ఉంటుంది. కళ్ళె పరీక్షలో గాజుపలక మీద ఎర్ర రంగు పోసి, వేడిచేసి, ఆ తర్వాత ఆమ్లంతో కడిగితే తక్కినవన్నీ రంగు వదిలేస్తాయి, ఈ క్రిములు మాత్రం సన్నని ఎర్ర పుల్లల్లా మిగిలి కనిపిస్తాయి. ఆవిడ వేసుకునే మాత్రల్లో ఐసోనియాజిడ్ అన్నది సరిగ్గా ఈ మైనం తయారీనే చెడగొడుతుంది.

మింగి చంపలేని క్రిమిని శరీరం కణాలతో గోడకట్టి బంధిస్తుంది. చాలామందిలో కథ అక్కడితో ఆగిపోతుంది. క్రిమి సోకినవారిలో నూటికి 5 నుంచి 10 మందికే జీవితకాలంలో ఎప్పుడో జబ్బు పైకి వస్తుంది. మధుమేహం, తిండి చాలకపోవడం, హెచ్‌ఐవీ, వయసు ఆ గోడను బలహీనపరుస్తాయి. కనుక పాతికేళ్ళ నాటి క్రిమి ఇప్పుడు లేవడం సాధ్యమే, అయితే ఈ మధ్యనే ఎవరి నుంచో కొత్తగా అంటి ఉండవచ్చు కూడా. ఇంకొక చిత్రమేమిటంటే, ధనుర్వాతం క్రిమిలా ఇది విషం కక్కి మనిషిని పడగొట్టేది కాదు. ఊపిరితిత్తిలో కండ కరిగి గుంటలు పడడంలో మన రక్షణ వ్యవస్థ పోరాటానికే ఎక్కువ పాలు ఉంది. ఆ గుంటల్లోంచి కళ్ళెతో పాటు క్రిములు బయటకొచ్చి పక్కవాళ్ళకు చేరతాయి.

ఇక ఆరు నెలల సంగతి. పేగుల్లో ఉండే ఇ.కోలై అనుకూలమైన చోట 20 నిమిషాలకొకసారి రెండవుతుంది, క్షయ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. చాలా మందులు పెరుగుతున్న క్రిమినే బాగా దెబ్బతీస్తాయి. మొదటి వారాల్లో అవి చస్తాయి కనుకనే దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. కదలకుండా పడుకున్నవి ఇంకా లోపలే ఉన్నాయి. అందుకే మొదటి 2 నెలలు నాలుగు మందులు, తరువాతి 4 నెలలు మూడు. ఇన్ని రకాలు ఎందుకంటే, లక్షల క్రిముల్లో ఎక్కడో ఒకటి ఒక మందుకు లొంగనిది ఉంటుంది, దానిని రెండో మందు పట్టుకోవాలి. ఇప్పుడు మానేస్తే తిరిగి లేచేవాటిలో అలాంటి మొండివే ఎక్కువ కావచ్చు, అప్పుడు వైద్యం మరింత కష్టమవుతుంది. మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద పోషణకు నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, పేరు నమోదైందో లేదో అడగండి. ఇంట్లో మిగతావారు, ముఖ్యంగా పసిపిల్లలు, పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: విజయనగరంలో చిన్న మెస్ నడుపుతున్నాం. మా వంటాయనకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. జ్వరం లేకపోయినా ఆయన నుంచి ఇతరులకు సోకుతుందా?
— ఒక పాఠకుడు

జవాబు: సోకవచ్చు. ఈ క్రిమి కూడా మాక్రోఫేజ్‌లో బతకగలదు, పైగా ఒంటిమీద చక్కెర పదార్థపు పొర కప్పుకుని రక్షణ వ్యవస్థ కళ్ళు కప్పుతుంది. జ్వరం తగ్గాక కొద్దిమందిలో పిత్తాశయంలో, ముఖ్యంగా రాళ్ళున్నచోట, తిష్ఠవేసి ఏళ్ళ తరబడి మలంలో బయటపడుతుంది. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి ఏ బాధా లేకుండానే పలువురికి ఈ జబ్బు అంటించిందని 1907లో గుర్తించారు. రక్తంతో చేసే వైడాల్ పరీక్ష ఇక్కడ పనికిరాదు, మలం కల్చర్ (మలంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష) చేయించాలి. అందులో క్రిమి లేదని తేలేదాకా ఆయనను చట్నీ, మజ్జిగ వంటి వేడిచేయని వాటి జోలికి పోనివ్వకుండా, లెక్కల పనికి మార్చండి.