చిట్టా లేని జీవితచరిత్ర

చిరంజీవికి,

ఆశీస్సులు. అమెరికా బాలనటుడు గ్యారీ కోల్మన్ జీవితచరిత్రగా డల్లాస్ నుంచి మీరు పంపిన రాతప్రతి పోయిన నెలలోనే అందింది. కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని మూడు వారాలు అక్షరం ముట్టకూడదన్నందువల్ల జవాబు ఆలస్యమైంది. మీరు మా చిన్నమ్మాయి కన్నా చిన్నవారే అయినా, రచన పంపినవారిని ఏకవచనంలో పిలవడం నాకు అలవాటు లేదు కనుక మీరు అనే రాస్తాను. భాష శుభ్రంగా ఉంది, అచ్చుతప్పులు లేవు. ఇక అసలు సంగతికి వస్తాను.

నాకు కోపం తెప్పించిన వాక్యం మీ 3వ పేజీలో ఉంది: “విధి అతని ఎదుగుదలను నాలుగు అడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర ఆపేసింది.” గ్యారీ కోల్మన్ ఎదుగుదల ఆగిపోవడానికి కారణం పుట్టుకతో వచ్చిన మూత్రపిండాల జబ్బు, దానికి వాడిన మందులు. 1973లో, ఐదేళ్ళ వయసులో ఒక మూత్రపిండ మార్పిడి జరిగింది. 1984లో, టెలివిజన్‌లో ఆయన ధారావాహిక నడుస్తున్న రోజుల్లోనే, రెండోది జరిగింది. ఈ వివరాలన్నీ మీ రచనలోనే 11వ పేజీలో ఉన్నాయి. తెలియనివాడు విధి అన్నాడంటే అర్థం చేసుకోగలను. తెలిసి ఉండి, 8 పేజీల ముందే విధిని తెచ్చి నిలబెట్టడం ఎందుకు? అది పాఠకుడి చేత ముందుగానే అయ్యో అనిపించుకోవాలన్న తొందర.

పైగా ఆ ఎత్తు మీద ఎవరికి ఎంత వచ్చిందో మీరు ఆలోచించలేదు. ఆ ధారావాహిక ‘డిఫరెంట్ స్ట్రోక్స్’ మొదలైన 1978లో కోల్మన్‌కు పదేళ్ళు. న్యూయార్క్ పార్క్ అవెన్యూలో ఉండే తెల్లజాతి ధనవంతుడు చేరదీసిన ఇద్దరు నల్లజాతి పిల్లల్లో చిన్నవాడు ఆర్నాల్డ్, ఆ పాత్ర ఆయనది. 1986లో ఆ ధారావాహిక ముగిసేనాటికి ఆయనకు 18 ఏళ్ళు నిండాయి, అయినా తెర మీద ఇంకా ఆ చిన్నవాడే. మామూలు బాలనటుడికి గొంతు మారుతుంది, మీసం వస్తుంది, నిర్మాత వేరే పిల్లవాణ్ణి వెతుక్కుంటాడు. ఇక్కడ ఆ అవసరం రాలేదు. ఆ పిల్లవాడి జబ్బు ఒకరి పద్దులో ఎనిమిదేళ్ళపాటు జమ వైపు పడిందని రాయగలిగి ఉంటే, విధి అనే మాట అవసరమే మీకు వచ్చేది కాదు.

మా నాన్నగారు తెనాలిలో ఒక ధాన్యం కొట్టులో గుమాస్తాగా పనిచేశారు. రాత్రి భోజనాలయ్యాక లాంతరు పెట్టుకుని చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం) చూసి ఆవర్జా (ఖాతాల పుస్తకం) రాసేవారు. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో, ఎవరు మంచాన పడ్డారో, ఏ అన్నదమ్ములు విడిపోబోతున్నారో ఆయనకు నోటిమాట కన్నా ముందు ఆ పుస్తకంలోనే తెలిసిపోయేది. ఒకరి జీవితం రాయదలచినవాడు మొదట ఆ మనిషి జమాఖర్చులు రాసుకోవాలన్న నమ్మకం నాకు అక్కడి నుంచే వచ్చింది. నలభై ఏళ్ళుగా ఈ మాట చెబుతూనే ఉన్నాను, నలభై ఏళ్ళుగా నన్ను చాదస్తుడని అంటూనే ఉన్నారు. అననివ్వండి.

మీరు 32 పేజీలు రాశారు. ‘కన్నీరు’ అన్న మాట 14 సార్లు వచ్చింది, నేను పెన్సిలుతో గుర్తుపెట్టి లెక్కించాను. డాలర్ అన్న మాట మూడే సార్లు వచ్చింది. ఒక దశలో ఆయనకు ఎపిసోడ్‌కు లక్ష డాలర్ల దాకా ముట్టేది. 1989లో పెంచిన తల్లిదండ్రుల మీద, పాత మేనేజర్ మీద, తన ట్రస్టు సొమ్ము దుర్వినియోగం చేశారని దావా వేశారు. 1993లో 12 లక్షల 80 వేల డాలర్లు ఆయనకు రావాలని తీర్పు వచ్చింది. 1999లో దివాలా పిటిషన్ పెట్టారు. ఈ నాలుగు వాక్యాలను మీరు ఒక్క పేరాలో కుక్కి, దాని చివర “డబ్బు మనుషుల్ని మార్చేస్తుంది” అని చేతులు దులుపుకున్నారు. ఆ తల్లి ఇల్లినాయ్‌లోని జయాన్ అనే ఊళ్ళో నర్సు, తండ్రి ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. దత్తత తెచ్చుకుని, జబ్బు పిల్లవాణ్ణి ఆస్పత్రుల చుట్టూ తిప్పి సాకినవాళ్ళు. అటువంటి మనుషులకు, వాళ్ళు పెంచిన కొడుక్కూ మధ్య కోర్టు ఎలా వచ్చిందో చెప్పడానికి మీకు కనీసం 10 పేజీలు కావాలి. దివాలా పిటిషన్ అంటే ఏమనుకున్నారు? ఒక మనిషి చేత ఆస్తులు, అప్పులు వరస తప్పకుండా కోర్టు రాయించే చిట్టా అది. మీరు ఆ దేశంలోనే ఉన్నారు, కోర్టు కాగితాలు రుసుము కట్టి తెచ్చుకోవచ్చు. తెనాలిలో కూర్చున్న నాకు ఆ అవకాశం లేదు కాబట్టి కడుపు మండి అంటున్నాను.

దివాలా తీసిన తరువాత ఆ తప్పు ఎవరిదని అడిగితే ఆయన తనతోనే మొదలుపెట్టి, అకౌంటెంట్లు, పెంచిన తల్లిదండ్రులు, ఏజెంట్లు, లాయర్ల మీదుగా మళ్ళీ తన దగ్గరికే వచ్చి ముగించారు. చూశారా, తన పద్దు తనకు తెలిసినవాడు మాట్లాడే పద్ధతి అది. ఆయన నోట విధి రాలేదు, మీ కలంలో వచ్చింది.

‘శాపం’ అన్న మాట కూడా కొట్టేయండి. ఆ ధారావాహికలో నటించిన ముగ్గురు పిల్లల్లో డేనా ప్లేటో 34 ఏళ్ళకే 1999లో మాత్రలు ఎక్కువై చనిపోయింది, కోల్మన్ 42 ఏళ్ళకు 2010లో యూటాలో ఇంట్లో పడి తలలో రక్తస్రావమై పోయారు, కనుక శాపమట. అమెరికా పత్రికలు అమ్ముకోవడానికి అల్లిన కథను మీరు తెలుగులోకి ఎందుకు మోసుకొస్తారు? మూడోవాడు టాడ్ బ్రిడ్జెస్ మత్తుమందుల్లో పీకలదాకా మునిగి, కోర్టు మెట్లెక్కి, ఆ తరువాత తేరుకుని బతికే ఉన్నాడు. శాపమైతే అతన్ని ఎందుకు వదిలిపెట్టినట్టు?

మీ రచనలో జాకీ కూగన్ పేరే లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. 1921లో చాప్లిన్ పక్కన నటించి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆ పిల్లవాడు మేజరయ్యాక చూసుకుంటే, సంపాదించిన లక్షలన్నీ తల్లీ మారుతండ్రీ ఖర్చుపెట్టేశారు. 1938లో దావా వేస్తే దక్కింది లక్షా 26 వేల డాలర్లు. ఆ గొడవ వల్లనే 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదన గురించి చట్టం వచ్చింది. అంటే కోల్మన్ కెమెరా ముందుకు వచ్చేనాటికి ఆ చట్టానికి దాదాపు నలభై ఏళ్ళు. చట్టం ఉండగా కూడా ఇంకో పిల్లవాడు అదే కోర్టు గుమ్మం ఎందుకు ఎక్కవలసి వచ్చిందన్నది మీ పుస్తకానికి వెన్నెముక. సంపాదన పిల్లవాడిదేనని, అందులో 15 శాతం తప్పకుండా పక్కన పెట్టాలని అక్కడ గట్టిగా నిబంధన వచ్చింది 2000లో. మన దేశంలో 2017 నిబంధనల ప్రకారం బాలనటుడి రాబడిలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో ఆ పిల్లవాడి పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, రోజుకు 5 గంటలకు మించి పనిచేయించకూడదు.

ఈ నిబంధనలేవీ లేని రోజుల్లో, 1997లో, నేను హైదరాబాదులో ఒక సీరియల్‌కు పేరు పడని డైలాగులు రాసేవాణ్ణి. ఎపిసోడ్‌కు నాకు 300 రూపాయలు. అందులో ఏడేళ్ళ పిల్లవాడొకడు ఉండేవాడు. కాస్ట్యూమ్స్ వాళ్ళు వాడి కాలి కన్నా పెద్ద సైజు బూట్లు తెచ్చి, ముందు భాగంలో పాత దినపత్రిక ఉండచుట్టి కుక్కారు. మధ్యాహ్నం లైట్లు మారుస్తుంటే వాడు సెట్టులోని సోఫా మీద ఆ బూట్లతోనే నిద్రపోయేవాడు, విప్పితే మళ్ళీ కాగితం సర్దాలని. సాయంత్రం ప్యాకప్ చెప్పాక ప్రొడక్షన్ మేనేజర్ ప్లాస్టిక్ బల్ల మీద వోచర్లు పరిచేవాడు. ఒకరోజు వాడి తండ్రి రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేయబోతుంటే, పిల్లవాడు మునివేళ్ళ మీద లేచి బల్ల అంచు పట్టుకుని, “నేను చేస్తా, నాకు సంతకం వచ్చు” అన్నాడు. డైలాగు కాగితం వెనక పెన్సిలుతో తన పేరు రాసి ఉంచుకున్నాడు కూడా. మేనేజర్ నవ్వి, “నీ సంతకం చెల్లదురా నాన్నా” అన్నాడు. ఆయన అన్నది చట్టప్రకారం సరైన మాటే. ఆ రోజు వోచర్ మీది అంకె 450.

ఈ సంగతిని నేను ఒక వ్యాసంగా రాసి ఒక వారపత్రికకు పంపితే, సంపాదకుడు బూట్లను, నిద్రను ఉంచి, వోచర్‌ను తీసేశాడు. లెక్కలు ఎవరు చదువుతారండీ అని ఫోనులో అడిగాడు. వ్యాసానికి “వాడిన మొగ్గలు” అని పేరు పెట్టాడు. ఆ పిల్లవాడు ఎక్కడా వాడలేదు, హాయిగా హుషారుగా ఉండేవాడు. వాడికి కావలసింది బల్ల మీద ఒక సంతకం, అంతే. మా పత్రికల్లో మొగ్గ కనిపిస్తే చాలు, వాడిపోయేదాకా ఊరుకోరు. ఇన్నేళ్ళయినా ఆ వ్యాసాన్ని నా సంపుటాలలో వేటిలోనూ చేర్చలేదు.

ఆ సంపాదకుడు ఇప్పుడు లేడు గానీ ఆయన రుచి మాత్రం పోలేదు. మీరు మొదటి పేజీని కోల్మన్ పోయిన ప్రోవో ఆస్పత్రిలో, చావు దృశ్యంతో, ఒక్కో వాక్యాన్ని ఒక్కో పేరాగా విరగ్గొట్టి మొదలుపెట్టడం చూస్తే తెలుస్తూనే ఉంది. ఈ మధ్య జీవితచరిత్ర అన్న ప్రతిదీ ఆస్పత్రి మంచం మీదే మొదలవుతోంది. దీనివల్ల వచ్చే నష్టం ఏమిటంటే, ఆ తరువాత పిల్లవాడు నవ్వినా, తెర మీది అన్న విల్లిస్‌ను చూసి “ఏం మాట్లాడుతున్నావ్, విల్లిస్?” అన్న ఆ ప్రసిద్ధమైన మాట అన్నా, పాఠకుడికి శవం పక్కన కూర్చుని వింటున్నట్టే ఉంటుంది. ఆయన పోటీచేసిన 2003 కాలిఫోర్నియా గవర్నర్ ఎన్నిక ముక్క కాస్త నయం. 135 మందిలో ఎనిమిదో స్థానం, 14,242 ఓట్లు అని అంకెలు వేసి ఊరుకున్నారు.

కోల్మన్ చేసిన సెక్యూరిటీ గార్డు ఉద్యోగం గురించి మీరు రాసిన భాగం నాకు నచ్చలేదు. కోట్లు చూసినవాడు గేటు దగ్గర నిలబడ్డాడని మీరు సానుభూతితో రాసినా, ఆ రోజుల్లో ఆయన్ని ఎగతాళి చేసినవాళ్ళు అన్నదీ అదే మాట. జీతం తీసుకుని పనిచేయడంలో పతనం ఏముంది? నేను రెండేళ్ళు సినిమా హాలులో టికెట్లు చింపాను.

ఇక 19వ పేజీ. అక్కడ మీరు ఒకే ఒక వాక్యం రాసి వదిలేశారు: ఆయనకు బొమ్మ రైళ్ళంటే ఇష్టమని, కాలిఫోర్నియాలోనూ, డెన్వర్, టూసాన్ ప్రాంతాల్లోనూ అటువంటి సామాను అమ్మే దుకాణాల్లో కొంతకాలం పార్ట్‌టైమ్ పనిచేశారని. నేను ఆ రాత్రి ఆ పేజీ దాటలేకపోయాను. తన సంపాదన అంతా ఇతరుల సంతకాలతో వచ్చి ఇతరుల సంతకాలతో పోయిన మనిషి, తన చేతులతో తన ఇళ్ళల్లో పట్టాలు పరిచి, చిన్న చిన్న రైలుమార్గాలు కట్టుకున్నాడు. వాటి కోసం దుకాణం కౌంటర్ వెనక నిలబడ్డాడు. ఆయన చిట్టాలో ఖర్చు వైపు ఆయన స్వయంగా రాసుకున్న పద్దు నాకు ఇదొక్కటే కనిపించింది. మీరు దాన్ని ‘అభిరుచులు’ అన్న ఉపశీర్షిక కింద పడేశారు.

అందుచేత రచనను మళ్ళీ రాయండి. ముందుగా ఆ కాలంలో ఒక రైలింజను బొమ్మ ధర ఎంతో, అటువంటి దుకాణంలో గంటకు కూలి ఎంత ఇచ్చేవారో కనుక్కోండి. ఒక ఇంజను కొనుక్కోవడానికి ఆయన ఎన్ని గంటలు నిలబడవలసి వచ్చేదో భాగించి చూడండి. అదే మనిషి పదేళ్ళ వయసులో ఒక్క ఎపిసోడ్ డబ్బుతో ఎన్ని ఇంజన్లు కొనగలిగి ఉండేవాడో దాని పక్కనే వేయండి. కలంపేరు పెట్టుకోవాలా అన్నదీ, ఏ పత్రికకు పంపాలన్నదీ ఆ తరువాత చూద్దాం.

రాతప్రతిని పెన్సిలు గుర్తులతో తిరిగి పంపుతున్నాను. 19వ పేజీ వెనకవైపు ఖాళీగా కనిపించి, మా పాలవాడి నెల లెక్క కొంత అక్కడే వేసేశాను, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి