కెమెరా సంగతి తర్వాత, ముందు పసిపిల్లల ఇళ్లకు పంపండి

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. మార్కులు బాగానే వచ్చాయి, అయినా ఇంజనీరింగ్ వద్దంటోంది. మోడళ్లను, పిల్లలను, కుటుంబాలను ఫొటోలు తీసే పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫర్ అవుతానని పట్టుబట్టింది. లక్షన్నర రూపాయల కెమెరా అడుగుతోంది. శ్రీకాకుళంలాంటి చోట ఈ పనితో బతకడం సాధ్యమేనా? ఆడపిల్లకు తగిన వృత్తేనా? – ఒక తండ్రి

జవాబు: మీ రెండో సందేహం ముందు తీర్చుకుందాం. ఆడపిల్ల కావడం ఈ పనిలో మీ అమ్మాయికి కలిసివచ్చే విషయం. సీమంతం, బాలింత గది, ఓణీల వేడుకకు ముందు జరిగే అలంకరణ... ఇలాంటి చోట్లకు మగ ఫొటోగ్రాఫర్ వస్తే ఇంటి ఆడవాళ్లు బిగుసుకుపోతారు. ఆ బిగువంతా ఫొటోలో కనిపిస్తుంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్టూడియోలు నడిపేవారు ఎక్కువగా మగవాళ్లే కాబట్టి, ఆ పనులు తెలిసిన అమ్మాయికి పోటీ తక్కువ.

ఇక బతుకు సంగతి. బతకవచ్చు. అయితే మీ అమ్మాయి చెప్పిన వరుసలో మోడళ్లు ముందున్నారు, కుటుంబాలు చివర ఉన్నాయి. ఇక్కడ డబ్బు వచ్చే వరుస దానికి సరిగ్గా తలకిందులు.

విజయనగరంలో స్టూడియో నడిపే ఒక పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫర్‌ను నేను చాలా ఏళ్లుగా ఎరుగుదును. ఈ రంగంలోకి వస్తామనే పిల్లలను ఆయన దగ్గరికే పంపుతుంటాను. మోడళ్ల గురించి ఆయన చెప్పేది క్లుప్తంగా ఉంటుంది: పేరు మోడళ్ల దగ్గర, అన్నం పిల్లల, కుటుంబాల దగ్గర. మన ఊళ్లలో మోడలింగ్ అంటే చీరల దుకాణం ఫ్లెక్సీ, నగల షాపు ప్రకటన, సినిమాల్లో ప్రయత్నిద్దామనుకునే కుర్రవాళ్ల పోర్ట్‌ఫోలియో (అవకాశాల కోసం చూపించుకునే ఫొటోల ఆల్బమ్). అసలు మార్కెట్ విశాఖపట్నం, హైదరాబాద్‌లలో ఉంది. కొత్త మోడల్, కొత్త ఫొటోగ్రాఫర్ కలిసి డబ్బు ప్రసక్తి లేకుండా పనిచేసి, ఫొటోలను ఇద్దరూ వాడుకోవడం ఈ రంగంలో మామూలే. నేర్చుకునే రోజుల్లో అది మంచిదే. మోడల్ కదలకుండా కూర్చుంటుంది, దీపం ఎటు జరిపితే ముఖం మీద నీడ ఎటు పడుతుందో తీరిగ్గా చూసుకోవచ్చు. కళింగపట్నం తీరంలో తెల్లవారుజాము వెలుతురుకు పైసా ఖర్చు లేదు. కాకపోతే అలాంటి చోటికి మీ అమ్మాయి ఒంటరిగా వెళ్లకూడదు, తోడుగా సహాయకురాలు ఉండాలి. ఫొటోలు ఎక్కడ వాడతారో ముందే కాగితం మీద రాసుకోవాలి. మోడల్‌కు 18 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి.

పిల్లల దగ్గరే అసలు పరీక్ష మొదలవుతుంది. తొలి పుట్టినరోజు ఫొటోలకు గిరాకీ బాగా పెరిగింది. చిక్కేమిటంటే, ఎనిమిది తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు కొత్త ముఖమంటే భయం పట్టుకుంటుంది, ఏడాది నాటికి అది ఇంకా పోదు. అందుకే ఆ విజయనగరం ఫొటోగ్రాఫర్ పిల్ల ఉన్న ఇంట్లో అడుగుపెట్టగానే కెమెరా సంచి విప్పడు. నేల మీద కూర్చుంటాడు, పిల్ల వైపు చూడకుండా అమ్మతో మాట్లాడతాడు. కాసేపటికి పిల్లే పాక్కుంటూ సంచి దగ్గరికి వస్తుంది. అప్పుడు కెమెరా తీస్తాడు, అదీ పిల్ల కళ్ల ఎత్తులో పెట్టి. పిల్ల నిద్రలేచి పాలు తాగిన సమయం చూసుకుని తనను పిలవమంటాడే తప్ప, తన తీరికను బట్టి సమయం ఇవ్వడు. ‘నవ్వమ్మా, నవ్వు’ అని చుట్టూ పదిమంది అరుస్తుంటే ఏ పిల్లా నవ్వదు. తాతయ్యను, మేనమామను పక్క గదిలో కూర్చోమని నొప్పించకుండా చెప్పడం కూడా ఈ విద్యలో భాగమే. కెమెరా షట్టర్ సెకనులో 250వ వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉంటే కదిలే పిల్ల ఫొటోలో అలుక్కుపోతుందన్న సంగతి ఎవరైనా ఒక పూటలో నేర్పగలరు. మేనమామను లేపడం ఎవరూ నేర్పలేరు.

పుట్టిన బిడ్డల ఫొటోలది మరో కథ. గంపలో ముడుచుకుని నిద్రపోతున్న శిశువుల చిత్రాలు మీ అమ్మాయి ఫోనులో చూసే ఉంటుంది. ఆ నిద్ర, ఆ ముడుచుకోవడం పుట్టిన మొదటి రెండు వారాల్లోనే సులువుగా దొరుకుతాయి. మన ఇళ్లలో అప్పుడు పురుడు. పదకొండో రోజు స్నానం కాకముందు పరాయి మనిషిని గదిలోకి రానివ్వరు, పెద్దవాళ్లకు దిష్టి భయం సరేసరి. చాలామంది పిలిచేది 21వ రోజు బారసాలకే, అప్పటికి బిడ్డ ఒళ్లు విరుచుకుంటూ మెలకువగా ఉంటుంది. ఫోనులో చూసిన పోజు కోసం ఆ బిడ్డను వంచే ప్రయత్నం చేయకూడదు. చేతుల మీద గడ్డం ఆనించుకున్నట్టు కనిపించే శిశువు ఫొటోలో నిజానికి ఒక మనిషి చేయి బిడ్డ తలను పట్టుకునే ఉంటుంది. రెండు ఫొటోలు తీసి ఎడిటింగ్‌లో కలిపి ఆ చేతిని చెరిపేస్తారు. ఇది తెలియక అనుకరించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అమ్మమ్మ ఒడిలో కళ్లు తెరిచి చూస్తున్న బిడ్డ ఫొటోకు ఏం తక్కువ?

కుటుంబాల విషయంలో మన జిల్లాకు ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ చాలా ఇళ్లలో ఒకరు సైన్యంలోనో, హైదరాబాద్‌లోనో, చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్‌లోనో ఉంటారు. అందరూ ఒక కప్పు కింద చేరేది సంక్రాంతికి, ఊరి అమ్మవారి పండుగకు, సెలవు మీద వచ్చిన జవాను తిరిగి బయలుదేరే ముందు. కుటుంబ చిత్రాల గిరాకీ అప్పుడే. పెళ్లిళ్లు ఉండని ఆషాఢంలో, మూఢంలో ఖాళీగా కూర్చునే స్టూడియోను నిలబెట్టేది కూడా పిల్లల, కుటుంబాల పనే. అలాగని మొదటి ఏళ్లలో పెళ్లి పనిని తక్కువగా చూడవద్దని మీ అమ్మాయికి చెప్పండి. అద్దె కట్టేది అదే.

కుటుంబ చిత్రంలో ఒక్క సంగతి తప్పకుండా నేర్చుకోవాలి, రంగు. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు ఎదుట ఉన్నదంతా సగటు బూడిద రంగు అనుకుని వెలుతురు లెక్కకడుతుంది. తెల్ల సున్నం గోడ ముందు చామనఛాయ మనిషిని నిలబెడితే, గోడ వెలుగును తగ్గించబోయి ముఖాన్ని నల్లబరుస్తుంది. మన స్టూడియోల్లో చాలామంది దీనికి వెలుతురు సరిచేయకుండా ఎడిటింగ్‌లో ముఖాలకు సున్నం కొడతారు. పెళ్లికూతురి ముఖం ఒక రంగు, చేతులు మరో రంగు ఉన్న ఆల్బమ్‌లు మీరూ చూసే ఉంటారు. ఆ ముఖాన్ని ఉన్న రంగులోనే అందంగా చూపగలిగితే జనం వెతుక్కుంటూ వస్తారు.

మరో సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోపై తొలి హక్కు తీయించుకున్నవారిదే. కాబట్టి ఎవరి పిల్లల ఫొటోనైనా తన ప్రచారానికి పెట్టుకోవాలంటే వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి.

చదువు మాన్పించకండి. ఫొటోగ్రఫీనే డిగ్రీగా చదవాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) ఉంది. అది తెలంగాణలో ఉంది కాబట్టి మన విద్యార్థులకు వర్తించే సీట్ల నిబంధనలను ఈ ఏడాది ప్రకటనలోనే చూసుకోండి. కడపలోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం కోర్సులు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని లలితకళల విభాగం కూడా పరిశీలించండి. దూరం పంపలేమంటే శ్రీకాకుళంలోనే ఏదైనా మామూలు డిగ్రీలో చేర్చండి. ఏ డిగ్రీ ఉన్నా తర్వాత నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) గాంధీనగర్‌లో ఫొటోగ్రఫీ డిజైన్ పీజీకి పోటీ పడవచ్చు. 18 నిండాక బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో ఫొటోగ్రఫీ శిక్షణ బ్యాచ్ ఎప్పుడో కనుక్కోండి, అక్కడ శిక్షణ, భోజనం, వసతి ఉచితం.

లక్షన్నర కెమెరా ఇప్పుడు వద్దు. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్ (వెలుతురును పట్టే పలక) ఉన్న సెకండ్ హ్యాండ్ కెమెరా, దానికో 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు చాలు. ఆ కెమెరా మీద ఆ లెన్సు దాదాపు 75–80 ఎంఎం లెన్సులా పనిచేస్తుంది, ముఖచిత్రాలకు అనువైన కొలత అదే. ఫోనును ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదిగా కనిపించడం గమనించారా? ఈ లెన్సుతో నాలుగడుగులు వెనక్కి జరగాలి, ఆ దూరమే ముఖాన్ని సహజంగా ఉంచుతుంది. తన సంపాదన మొదలయ్యాక పెద్ద కెమెరా తనే కొనుక్కుంటుంది.

ఈలోగా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పిల్లల ఫొటోలు ఎక్కువగా తీసే స్టూడియోలో ఒక సీజన్ సహాయకురాలిగా చేర్చండి. వెలుతురును ముఖం మీదికి మళ్లించే రిఫ్లెక్టర్ పట్టుకోవడం, బ్యాటరీలు ఛార్జ్ చేయడం, ఏడుస్తున్న పిల్లలను ఎత్తుకోవడం మొదటి నెలల పని. దానికి విసుక్కుంటే ఇంజనీరింగ్ సీటు వచ్చే ఏడాదీ దొరుకుతుంది. యజమానితో మాట్లాడడానికి మీరూ వెళ్లండి. జీతం ఎంతో అడిగే ముందు, రాత్రి పెళ్లి ఉన్న రోజున అమ్మాయిని ఇంటికి ఎవరు దిగబెడతారో అడగండి.